సగటు బొమ్మతో నా పేచీ

2025 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్ తెరిచినవాళ్ళందరికీ ఒకటే బొమ్మ కనబడింది. షిఫాన్ చీర, గాలికి ఎగిరే పమిట, వెనక ఒక గోడ, గోడ మీద సాయంత్రపు ఎండ. గూగుల్ జెమినీలో ‘నానో బనానా’గా పేరుపడ్డ, బొమ్మలు వేసే ఏఐ మోడల్‌కి తమ ఫొటో ఇచ్చి, బొమ్మ ఎలా ఉండాలో చెప్పే ప్రాంప్ట్‌ని వాట్సాప్‌లోంచి కాపీ కొట్టి, జనం తొంభైల నాటి హీరోయిన్లయిపోయారు. మా బంధువుల గ్రూపులో అత్తయ్యలు, పిన్నులు, కొత్త కోడళ్ళు వరసపెట్టి అదే గోడకి ఆనుకున్నారు. మొహాలు వేరు, ఎండ ఒకటే. సరదాగా చేసినదాన్ని తప్పు పట్టడానికి నేనెవర్ని? నాకు చిరాకు తెప్పించింది దాని తర్వాత స్థిరపడిపోయిన నమ్మకం: మంచి బొమ్మ రావాలంటే మంచి ప్రాంప్ట్ ఎక్కడో దొరుకుతుంది, తెచ్చుకుని అతికిస్తే చాలు. ‘సినిమాటిక్ లైటింగ్, 8కె, ఎపిక్, మిస్టీరియస్ మూడ్’ అంటూ మంత్రాల్లా అమ్ముతున్నారు కూడా.

పిల్లల కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఈ పనిలో నేనూ కొంతకాలంగా మునిగి ఉన్నాను. నా కథల్లో ఎక్కువ భాగం ఎక్కడా లేని చోట్లలో జరుగుతాయి. పొగమంచులో దారి తప్పిన బస్సు, నీళ్ళ కింద ఊరు, అలాంటివి. వాటికి బొమ్మలు అడిగి అడిగి నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ప్రాంప్ట్‌లో దృశ్యాన్నంతా వర్ణించడం దండగ. మోడల్ తనంతట తాను వేసే సగటు బొమ్మ ఎలా ఉంటుందో ముందే ఊహించి, మన మనసులో ఉన్న బొమ్మ దానికి ఎక్కడెక్కడ తేడాగా ఉందో ఆ చోట్ల మాత్రమే మాటలు ఖర్చు పెట్టాలి.

ఎందుకంటే ఈ మోడళ్ళు నేర్చుకున్న తీరే అలాంటిది. నెట్‌లో ఉన్న బొమ్మనీ, దాని పక్కన ఎవరో రాసిన వివరణనీ జతగా చూసుకుంటూ నేర్చుకున్నాయి. స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మల మోడల్‌కి ఆధారమైన లయాన్-5బి అనే 2022 నాటి సేకరణలో అలాంటి జతలు 585 కోట్లున్నాయి. అందులో 230 కోట్లకి పైగా ఇంగ్లీషు వివరణలవే. బొమ్మ వేసేటప్పుడు మోడల్ అర్థంపర్థం లేని రంగు చుక్కలతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా వాటిని శుభ్రం చేసుకుంటూ, మన మాటలకి తగ్గ బొమ్మలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో అటు జరుగుతుంది. మనం చెప్పిన నాలుగు సంగతులు పోను మిగతా అంతా ఆ గుంపే నింపుతుంది. చెట్టు ఏ చెట్టో చెప్పకపోతే ఫొటోలు ఎక్కువగా ఉన్న చెట్టు వస్తుంది. వెలుగు ఎటునుంచో చెప్పకపోతే ఫొటోగ్రాఫర్లు మోజుపడే వెలుగు వస్తుంది.

లంబసింగి పొగమంచునే తీసుకోండి. చలికాలం తెల్లవారుజామున అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. ‘దట్టమైన పొగమంచు, రహస్యంగా ఉన్న అడవి’ అని రాస్తే యూరప్ పైన్ చెట్లు బారులు తీరతాయి, మధ్యలో కాలిబాట, చివర ఎక్కడో బంగారు వెలుగు. పొగమంచు నిజానికి ఏం చేస్తుందో చెప్పడం మొదలుపెడితే కథ మారుతుంది. మంచు బిందువులు అన్ని రంగుల వెలుతురునీ ఒకేలా చెదరగొడతాయి, అందుకే తెల్లగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ముదురు, లేత అన్న తేడా కరిగిపోతుంది. కాబట్టి దూరాలు చెప్పాలి. ముందున్న సిల్వర్ ఓక్ మాను మీద మిరియాల తీగ, ఆకులు ఒక్కొక్కటీ విడిగా లెక్కపెట్టేలా. దాని వెనక మాను బూడిద రంగులో, ఆకులు కలిసిపోయి. ఆ వెనకది ఉందో లేదో అన్నట్టు. ఆపైన ఒట్టి తెలుపు. రోడ్డు పక్కన టీ బడ్డీ, మంకీ క్యాప్ పెట్టుకున్న మనిషి, గిన్నె మీద ఆవిరి వెనక తెలుపులో కలిసిపోతూ. ఇందులో ‘రహస్యం’ అన్న మాట లేదు, ఆ మాటకొస్తే ‘పొగమంచు’ కూడా అవసరం పడలేదు.

భావాన్ని పేరు పెట్టి అడిగితే ఎందుకు రాదో కూడా ఈ లెక్కలోనే ఉంది. ‘విషాదం’, ‘నిశ్శబ్దం’, ‘మూడీ’ అన్న వివరణలు ఏ ఫొటోల కింద ఉంటాయి? తమ ఫొటో విషాదంగా ఉందని చాటుకోవాలనుకున్నవాళ్ళ ఫొటోల కింద. కిటికీ దగ్గర కూర్చుని వాన చూసే అమ్మాయి, ఖాళీ బెంచీ, రాలిన ఆకులు. నిజంగా గుండె పట్టేసే ఫొటో కింద ఎవరూ ‘విషాదం’ అని రాయరు, ఊరి పేరో తేదీయో రాసి ఊరుకుంటారు. అంచేత ఆ మాట వాడామంటే స్టాక్ ఫొటోల దుకాణంలోకి నేరుగా నడిచి వెళ్ళినట్టే.

ఇప్పుడు నన్ను బాగా ఏడిపించిన బొమ్మ. ఒక కథకి మండువా లోగిలిలో వాన కావాల్సి వచ్చింది. గోదావరి జిల్లాల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన ఇల్లు అది. మధ్యలో ఆకాశం కనబడే చదరం, దాని చుట్టూ నాలుగు వైపుల నుంచీ లోపలికే వాలిన పెంకుల కప్పు. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ ఇంటి మధ్యలోకే దూకి, ఒక మూల తూములోంచి బయటికి పోతాయి. ‘మండువా లోగిలి’ అన్న పేరు మోడల్‌కి ఎక్కలేదు. ‘సంప్రదాయ దక్షిణాది ఇల్లు, నడిమి వాకిలి’ అంటే కేరళ నాలుకెట్టు దిగింది. పర్యాటకం పుణ్యమా అని వాటి ఫొటోలు పేరుతో, వివరాలతో నెట్ నిండా ఉన్నాయి మరి. పైగా వాన ఇంటి బయట పడుతోంది, లోపల నేల రిసార్టులోలా తళతళలాడుతోంది.

ఆ ఇంటి రకం పేరు చెప్పడం మానేసి, సగటు బొమ్మ ఎక్కడెక్కడ తప్పుతోందో చూసుకుంటూ రాశాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ‘వసారాలో నేల మీద కూర్చున్న పిల్ల కళ్ళ ఎత్తు నుంచి. నాలుగు వైపులా లోపలికి వాలిన మట్టి పెంకుల కప్పు, పెంకుల మీద నాచు. పైన చదరంగా కనబడే బూడిదరంగు ఆకాశం. నాలుగు చూరుల నుంచీ ధారలు కట్టిన నీళ్ళు నడిమిలో అడుగు లోతు నల్లరాతి గుంటలోకి. చెక్క స్తంభాలు కింద మూరెడు మేర తడిసి నల్లబడ్డాయి, పైన పొడిగా ఉన్నాయి. ఒక చూరు కింద ఇత్తడి గంగాళం నిండి పొర్లుతోంది. దండెం మీద ఆరని బట్టలు. వెలుగంతా పై చదరంలోంచే, చుట్టూ గదుల గుమ్మాలు చీకటిగా.’

బొమ్మని మలుపు తిప్పింది ఆఖరి వాక్యం. నెట్‌లో ఉన్న ఇంటి ఫొటోలన్నీ ఇల్లు అమ్మేవాళ్ళో, హోటలువాళ్ళో తీయించినవి. వాటిలో ప్రతి మూలా వెలుగే. వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిన ఇల్లు అలా ఉండదు. మధ్యలో తెల్లగా, పక్కలకి జరిగేకొద్దీ నల్లగా ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో స్తంభాల నీడలు బయటి వైపు పడ్డాయి, గంగాళం అంచు ఒక్కటే మెరిసింది. తడి స్తంభం సంగతి కూడా అలాంటిదే. వాన ఎంతసేపటి నుంచి పడుతోందో చెప్పేది ఆ మూరెడు మరకే. చప్పుడు, వాసన, ఎంతసేపు, ఇవేవీ బొమ్మలో పట్టవు. అవి వదిలివెళ్ళిన గుర్తులు పడతాయి. తొలకరి వాసన కావాలంటే దుమ్ములో చినుకు పడిన చోటల్లా చిన్న గుంట, దాని చుట్టూ నల్లటి తడి, మధ్యమధ్య ఇంకా పొడి నేల అని రాయాలి.

వెన్నెల దగ్గర ఇంకో చిక్కు. పున్నమి వెన్నెల సూర్యకాంతి కంటే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. ఆ మసకలో మన కంటికి రంగులు సరిగా తెలియవు, ఎరుపు ముందుగా నల్లబడిపోతుంది. పుస్తకం చదవబోతే అక్షరాలు అలుక్కుపోతాయి. మోడల్ చూసినదేమో సినిమావాళ్ళ వెన్నెల, నీలం లైటు కింద హీరోయిన్ ఎర్ర చీర ఎర్రగానే ఉంటుంది. ఊళ్ళో డాబా మీద పడుకున్నప్పటి వెన్నెల కావాలంటే రంగులు తీసెయ్యాలి: చీర ముదురు బూడిద, మందార పువ్వు నలుపు, సున్నం కొట్టిన పిట్టగోడ ఒక్కటే తెలుపు. నాకు అలాంటి వెన్నెలే ఇష్టం. సినిమా వెన్నెల కావాలనుకుంటే అదీ తప్పు కాదు, కాకపోతే అడిగి తెచ్చుకోవాలి, అదే వచ్చి కూర్చోకూడదు.

అసలు లేని దృశ్యానికి ఈ లెక్క పనికొస్తుందా అని అడగొచ్చు. అక్కడే ఎక్కువ పనికొస్తుంది. నంద్యాల జిల్లాలో సంగమేశ్వరం ఉంది కదా, ఏడు నదుల సంగమమని పేరు. శ్రీశైలం ప్రాజెక్టు వచ్చాక ఆ గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటుంది. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. ఎండాకాలం నీళ్ళు బాగా దిగినప్పుడు మాత్రమే గుడి బయటపడుతుంది, లోపల లింగం వేపమానుది. నీళ్ళు మళ్ళీ కమ్ముకొచ్చేటప్పుడు శిఖరానికి పూజ చేసి వస్తారు. అలాంటి ఒక గుడి నీళ్ళ కింద ఉండగా లోపల దీపం వెలుగుతూనే ఉందని కథ. ‘నీట మునిగిన పురాతన ఆలయం’ అని అడిగితే వచ్చేది మీరు ఊహించే ఉంటారు. స్విమ్మింగ్ పూల్ రంగు నీళ్ళు, పైనుంచి ఈటెల్లా దిగే కిరణాలు, కాంబోడియా శిల్పాలు, పక్కనే పగడపు చేపలు.

వరద రోజుల్లో కృష్ణ, తుంగభద్ర నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి ముంచి చూడండి, వేళ్ళు కనబడవు. అంత ఒండ్రు. ఆ నీళ్ళ అడుగున గుడి మొత్తం కనబడటం అసంభవం. కనబడేది దీపం చుట్టూ రెండడుగులు. కాబట్టి నేను గుడిని అడగలేదు. ఎర్రమట్టి రంగు నీళ్ళు, మధ్యలో ఒక ప్రమిద, దాని వెలుగు అందినంత మేర ఒక రాతి మెట్టు అంచు, మెట్టు మీద బెత్తెడు మందాన పేరుకున్న ఒండ్రు, స్తంభం అడుగు భాగం, ఆ పైన అంతా గోధుమరంగు చీకటి. వెలుగులో తేలుతున్న మట్టి రేణువులు. ఇందులో జరగనిది ఒక్కటే, నీళ్ళలో దీపం వెలగడం. మిగతా అంతా భౌతికశాస్త్రం ఒప్పుకునేదే. ఊహాదృశ్యానికి నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది. ఒక్క అబద్ధం ఆడొచ్చు, దాని పక్కనున్న ప్రతి వస్తువూ నిజం చెప్పాలి. ఎగిరే కొండలు, రెండు చందమామలు, మెరిసే పుట్టగొడుగులు, రెక్కల ఏనుగులు ఒకే బొమ్మలో కుక్కితే దేనికీ ఆశ్చర్యపోలేం.

మధ్యలో ఒక మాట. ఇలాంటి బొమ్మ చేసినప్పుడు దాని మీదే ‘ఊహాచిత్రం’ అని రాసి పెట్టండి. లేకపోతే ‘శ్రీశైలం నీళ్ళ కింద బయటపడ్డ వెయ్యేళ్ళ గుడి, హిందువైతే షేర్ చెయ్యి’ అని ఫార్వర్డ్ అయి మనకే తిరిగొస్తుంది.

చిన్న చిన్న తలనొప్పులు చాలానే ఉన్నాయి, రెండు చెప్పి వదిలేస్తాను. ‘మనుషులు లేరు’ అని రాస్తే చాలా మోడళ్ళు ‘మనుషులు’ని పట్టుకుని ‘లేరు’ని వదిలేస్తాయి. మూసిన తలుపులు, వాకిట్లో నిన్నటి ముగ్గు చెదిరి ఉండటం లాంటివి రాస్తే ఎవరూ రారు. నెగిటివ్ ప్రాంప్ట్ పెట్టె విడిగా ఉంటే వద్దన్నవి అందులో వెయ్యొచ్చు. రెండోది, ఒకే వాక్యంలో ఎర్ర చీర, పచ్చ గాజులు, నీలం తలుపు అంటే రంగులు ఒకదాని మీంచి ఒకటి దూకుతాయి. కొత్త మోడళ్ళలో ఈ జబ్బులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

నేను ముందు తెలుగులోనే రాసుకుంటాను. తొలినాళ్ళ స్టేబుల్ డిఫ్యూజన్‌లో మాటల్ని చదివే భాగం ఒకసారికి 77 టోకెన్లే, అంటే మాటల ముక్కలే, తీసుకునేది. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 అనే పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు, ఒత్తయితే ఆరు, ముక్కలు ముక్కలుగా కోసేసరికి ఒక వాక్యం పూర్తి కాకముందే కోటా అయిపోయేది. ఇప్పటి పెద్ద మోడళ్ళకి ఆ ఇబ్బంది లేదు, తెలుగులో అడిగినా బానే అందుకుంటున్నాయి. అయినా నేను తెలుగులో మొదలుపెట్టేది అందుకు కాదు. ఇంగ్లీషులో మొదలుపెడితే నా చేతికి ముందొచ్చేవి ఎక్కడో చదివిన మాటలు, ‘హాంటింగ్’, ‘ఎథీరియల్’ లాంటివి. తెలుగులో అయితే చూరు, తూము, దండెం, వస్తువులు వస్తాయి.

అలాగని మన సాహిత్యమంతా ఈ విషయంలో పాఠ్యపుస్తకం అని జబ్బలు చరుచుకోను. ప్రబంధాలకి అష్టాదశ వర్ణనలని జాబితా ఉంది, నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం ఇలా. నగరమంటే మేడలు చంద్రుణ్ణి తాకాల్సిందే, ఉద్యానవనమంటే తుమ్మెదలు ఉండాల్సిందే. అదీ ఒక సగటు బొమ్మే, ఎవరి కావ్యం తెరిచినా అదే గోడ, అదే ఎండ. వానాకాలాన్ని వర్ణిస్తూ, తడిసిన కట్టెలు రాజుకోక వంటింటి పొగలో అవస్థపడే ఇల్లాళ్ళని చూపించిన శ్రీకృష్ణదేవరాయలు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా కొత్తగా అనిపించడానికి కారణం అదే. రాజుగారు తడి కట్టెల గురించి రాస్తారని ఎవరనుకుంటారు?

దీనికి తూకంగా ఇంకోటి గుర్తుకొస్తుంది. పూజ మొదట్లో చదివే శుక్లాంబరధరం శ్లోకం. తెల్లబట్ట, చంద్రుడి రంగు, నాలుగు చేతులు, ప్రసన్నమైన మొహం. శిల్పులు విగ్రహం చెక్కడానికి ఆధారం చేసుకునే ధ్యానశ్లోకాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. కొన్ని మాటల్లో స్థపతికి పని జరిగిపోతుంది, ఎందుకంటే కొలతలు, భంగిమలు, ఆయుధాలు ఆయనకి ముందే తెలుసు. వినేవాడి బుర్రలో మన ప్రపంచం ఉంటే నాలుగు మాటలు చాలు. లేకపోతే నలభై కావాలి. ఇంగ్లండు పల్లెటూరి ఇంటిని ‘కాటేజ్’ అన్న ఒక్క మాటతో తెప్పించుకునేవాడికి లేని చాకిరీ, మండువా లోగిలి కావాలనుకున్న నాకు ఉంది. ఇందులో అన్యాయం ఉందని నాకు తెలుసు. చాకిరీ వల్ల చూపు పదునెక్కుతుందని సర్దిచెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడంత కష్టం ఎందుకు, మోడలే మన ప్రాంప్ట్‌ని పెంచి రాసుకుంటుంది కదా అంటారు. నిజమే. 2023లో డాల్-ఇ 3 అనే బొమ్మల మోడల్ చాట్‌జీపీటీలోకి వచ్చినప్పటి నుంచి మనం ఒక వాక్యం ఇస్తే అది పేరా చేసుకుని బొమ్మ వేస్తోంది. ఆ పేరా ఒకసారి అడిగి చదవండి. మనం చెప్పనివన్నీ అందులో ఉంటాయి, ‘మృదువైన బంగారు కాంతి’, ‘గతాన్ని గుర్తుచేసే ప్రశాంతత’ వగైరా. సగటు బొమ్మకి సగటు వచనం తోడైంది. ఖాళీలు మనం నింపకపోతే ఇంకెవరో నింపుతారన్నది మారలేదు, నింపేవాళ్ళు ఇద్దరయ్యారు. అందుకే నేను ముందే అడ్డం పడతాను, నా మాటలకి ఏమీ కలపొద్దని చెప్తాను. అన్నిసార్లూ వినదు.

చిత్రకారుల పేర్లు వాడటం గురించి నా వాదన మొండిది. 2022లో పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరు వేలాది ప్రాంప్టుల్లో తాయెత్తులా తిరిగింది. తన పేరుతో వెతికితే తను వేయని బొమ్మలే ఎదురవుతున్నాయని ఆయన వాపోయాడు. మనవాళ్ళు బాపు అంటారు, వడ్డాది పాపయ్య అంటారు. ఇద్దరూ లేరు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. మర్యాద సంగతి పక్కన పెట్టి పనితనం లెక్కనే చూసినా అది నష్టమే. బాపు పేరు రాస్తే వచ్చేది బాపు గీత కాదు, పెద్ద కళ్ళు, పొడుగు జడ, బొట్టు. ఒక మనిషి జీవితకాలపు పనిలోంచి తీసిన సగటు. గీత ఎంత లావుండాలి, రంగులు చదునుగా ఉండాలా, కాగితం గరుకు కనబడాలా అని చెప్పడం నాకు చేతనవును. అచ్చుకి వెళ్ళే పుస్తకానికైతే బతికున్న చిత్రకారుడికి డబ్బులిచ్చి వేయిస్తాను. మోడల్‌తో నేను చేసేది బ్లాగు కథలకే.

ఆ సగటుని కదిలించడం ప్రాంప్టులతో అయ్యే పని కాదు. లయాన్ లాంటి సేకరణలు వెబ్ పేజీల్లో బొమ్మ వెనక దాగి ఉండే ఆల్ట్ టెక్స్ట్ అనే వివరణ నుంచి వచ్చాయి. మన తెలుగు సైట్లలో ఆ చోటు చాలావరకు ఖాళీ, లేదా ‘ఐఎంజీ’ పక్కన ఒక నంబరు. ఎవరైనా రాసినా ‘అందమైన పల్లెటూరి ఇల్లు’ అని రాస్తారు. వికీమీడియా కామన్స్‌లో మన సొంత ఫొటోలు పెట్టొచ్చు, వివరణ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వొచ్చు, కాకపోతే వాటిని ఎవరైనా ఎందుకైనా వాడుకునే లైసెన్సుతో ఇవ్వాలి, అది ఒప్పుకుంటేనే పెట్టండి. ఇల్లు పేరు, ఊరు, కప్పు దేనితో వేశారు, చెక్క ఏ చెట్టుది, ఫొటో ఏ నెలలో తీశారు, ఇవి చాలు. మీ వైపు మండువా లోగిలి ఇంకా నిలబడి ఉంటే, ముందు వైపు నుంచి తీసి ఊరుకోకండి, వానాకాలంలో లోపలికెళ్ళి తూము కూడా ఫ్రేములో పడేలా తీయండి. తూము పనిచేస్తుండగా తీసిన మంచి ఫొటో నాకు ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు.